ఇంట్లో చాక్లెట్ కుకీలు: కరకరలాడకుండా, నమిలితే సాగేలా రావాలంటే?

నక్కలగుట్ట_వంటిల్లు
శనివారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. చాక్లెట్ కుకీల గురించి ఒక సందేహం. వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

కరకరలాడే బిస్కెట్లు ఏ బేకరీలోనైనా దొరుకుతాయి. మా పిల్లలు అడిగేది అది కాదు. అంచు కొంచెం గట్టిగా, మధ్యలో మెత్తగా, నమిలితే సాగుతూ ఉండే చాక్లెట్ కుకీ కావాలంటున్నారు. నేను చేసినవి ఓటీజీలోంచి (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) తీసినప్పుడు బాగానే ఉంటాయి, చల్లారేసరికి ఫట్టున విరుగుతున్నాయి. రుచికి వంక లేదు.

నా కొలతలు: మైదా ఒకటిన్నర కప్పు, మిక్సీలో పొడి చేసిన పంచదార ఒక కప్పు, పసుపు రంగు ఉప్పు వెన్న 100 గ్రాములు, కోకో పొడి పావు కప్పు, ఒక గుడ్డు, అర చెంచా బేకింగ్ పౌడర్. వెన్న, పంచదార తెల్లగా నురగలా వచ్చేదాకా గిలక్కొడతాను. 180 డిగ్రీల దగ్గర 18 నిమిషాలు ఉంచుతాను. ఏది మార్చాలి?

కాజీపేట_జంక్షన్
శనివారం, మధ్యాహ్నం 12:05

అక్కా, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ 18 నిమిషాలు తగ్గించండి. ఈ సైజు కుకీకి 10 నుంచి 11 నిమిషాలు చాలు.

మామూలు కుకీ అయితే అంచు ఎర్రబడటం కంటికి కనిపిస్తుంది. కోకో వేసిన ముద్ద మొదటి నుంచీ నల్లగానే ఉంటుంది కాబట్టి ఎప్పుడు కాలిందో, ఎప్పుడు ఎక్కువైందో రంగు చెప్పదు. అందుకే చాలామంది ఇంకో రెండు నిమిషాలు, ఇంకో రెండు నిమిషాలు అంటూ లోపలే ఉంచేస్తారు. చూడవలసింది మెరుపు. అంచు చుట్టూ మెరుపు పోయి, పొడిగా, గట్టిగా కనిపించాలి. మధ్యలో మాత్రం ఇంకా తడిగా మెరుస్తూ, పచ్చిగా ఉందేమో అనిపించాలి. అప్పుడే తీసేయాలి. వేడి ట్రే మీదే 5 నిమిషాలు వదిలేస్తే ఆ వేడికే మధ్య భాగం కుదురుకుంటుంది. ఓటీజీలో ఉండగానే పూర్తిగా కాలినట్టు కనిపిస్తే అది చల్లారాక గట్టిపడి తీరుతుంది.

కరీంనగర్_బట్టీ
శనివారం, మధ్యాహ్నం 2:40

నేను బేకరీ బట్టీ దగ్గర పని చేస్తాను. కాజీపేట అన్న చెప్పింది నిజమే, కానీ అది సగమే. నిమిషాలు తగ్గించినంత మాత్రాన ఈ కొలతలతో సాగే కుకీ రాదు. మెత్తటి బిస్కెట్ వస్తుంది, మర్నాటికి అదీ గట్టిపడుతుంది. అసలు సంగతి పంచదారలో ఉంది.

మన ఇళ్లలో అరిసెలు చేసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. లేతపాకం అయితే అరిసె మెత్తగా ఉంటుంది, పాకం ముదిరితే రాయిలా అవుతుంది. బెల్లం అదే, పిండి అదే, తేడా అంతా పాకంలో మిగిలిన నీటిది. కుకీలోనూ జరిగేది ఇదే. వేడికి పంచదార కరిగి పాకం అవుతుంది. చల్లారాక ఆ పాకంలో నీరు మిగిలి ఉంటే సాగుతుంది, ఆవిరైపోతే విరుగుతుంది.

తెల్ల పంచదార చల్లారగానే మళ్లీ పలుకు కడుతుంది, అందుకే కరకర. బ్రౌన్ షుగర్‌లో మొలాసిస్ ఉంటుంది, అంటే చెరకు రసం నుంచి పంచదార తీశాక మిగిలే చిక్కటి నల్లటి ద్రవం. అందులోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ తేమను పట్టుకుని ఉంచుతాయి, పలుకు కట్టనివ్వవు. కాబట్టి మొత్తం తీపిలో మూడు వంతులు బ్రౌన్ షుగర్, ఒక వంతు తెల్ల పంచదార వేయండి. తెల్లది పూర్తిగా మానేయకండి, అంచు గట్టిపడేదీ పైన సన్నటి పొర వచ్చేదీ దాని వల్లనే.

కొనేటప్పుడు పొట్లం నొక్కి చూడండి. ఇసుకలా జారిపోయే పొడి పలుకులు ఈ పనికి అంతగా రావు. తడి ఇసుకలా ముద్ద కట్టేది కావాలి.

ఇక రెండో విషయం, గిలక్కొట్టడం. వెన్న నురగ వచ్చేదాకా కొడితే గాలి చేరి కుకీ కేకులా పొంగుతుంది. మీకు పొంగు అక్కర్లేదు. వెన్న కరిగించి, గోరువెచ్చగా చల్లార్చి, పంచదారతో గరిటెతో కలపండి చాలు. గుడ్డు ఒకటి, దానికి తోడు ఇంకో పచ్చసొన మాత్రం వేయండి. తెల్లసొన ఎక్కువైతే కుకీ పొడిబారుతుంది, పచ్చసొనలోని కొవ్వు మెత్తదనం ఇస్తుంది.

మూడోది, కప్పు కొలత. డబ్బాలో ముంచి నొక్కి తీసిన కప్పు మైదా 150 గ్రాములు తూగుతుంది. చెంచాతో వదులుగా నింపితే 125. ఒకటిన్నర కప్పు దగ్గర ఆ తేడా దాదాపు 40 గ్రాములు. ఆ 40 గ్రాముల మైదాయే కుకీని పొడిగా మార్చేస్తుంది. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనుక్కోండి. ఇంట్లో బేకింగ్ చేసేవాళ్లకు దానికంటే ఉపయోగపడే వస్తువు లేదని నా గట్టి నమ్మకం.

నక్కలగుట్ట_వంటిల్లు
శనివారం, మధ్యాహ్నం 3:15

అరిసెల పాకం మాటతో సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది, చాలా కృతజ్ఞతలు. మరి బ్రౌన్ షుగర్ బదులు బెల్లం వేయవచ్చా? ఇంట్లో ఎప్పుడూ ఉండేది అదే.

కామారెడ్డి_బెల్లం
శనివారం, సాయంత్రం 5:30

తప్పకుండా వేయవచ్చు, చెల్లీ. నేను వేసేది బెల్లమే. మా వైపు బెల్లం బజారులో కాస్త తిరిగినవాళ్లకు తెలుస్తుంది, ముదురు రంగు బెల్లానికి ఉండే వాసన ఏ బ్రౌన్ షుగర్‌కూ రాదు. బ్రౌన్ షుగర్ అంటే చాలావరకు తెల్లగా శుద్ధి చేసిన పంచదారకు తీసేసిన మొలాసిస్‌నే మళ్లీ కలిపినది. బెల్లంలో ఆ మొలాసిస్ మొదటి నుంచీ ఉంటుంది, వేరు చేయడమే ఉండదు. తేమ పట్టుకునే గుణం కావాలంటే దానికి మించినది లేదు.

మరీ తెల్లగా, పసుపుగా మెరిసే బెల్లం తీసుకోకండి. ముదురు గోధుమ రంగుది తీసుకుని, సన్నగా తురిమి, జల్లెడ పట్టండి. గడ్డలు మిగిలితే కుకీలో అక్కడక్కడ కరిగి గుంటలు పడతాయి. కరిగించిన వెన్న వేడిగా ఉండగానే బెల్లం తురుము వేసి కలిపితే బాగా కలిసిపోతుంది. కోకో చేదుకు బెల్లం తీపి బాగా కుదురుతుంది. బెల్లంలో సహజంగానే కొంచెం ఉప్పదనం ఉంటుంది, ఉప్పు వేసేముందు అది చూసుకోండి.

కరీంనగర్_బట్టీ
శనివారం, రాత్రి 8:10

రుచి విషయంలో మీతో వాదించను, అక్కా. కానీ మొత్తం బెల్లమే వేయమని కొత్తగా చేసేవాళ్లకు నేను చెప్పను. బెల్లంలో తేమ ఒక్కో అచ్చుకు ఒక్కోలా ఉంటుంది. వానాకాలంలో చెమర్చిన బెల్లం వేస్తే ముద్ద పలచనై ట్రే అంతా పరుచుకుంటుంది. ఎండిన పాత బెల్లం వేస్తే ఇంకోలా వస్తుంది. నిలకడగా రావాలంటే 200 గ్రాముల తీపిలో 120 గ్రాములు బెల్లం, 80 గ్రాములు పంచదార వేసి మొదలుపెట్టమంటాను. చేయి అలవాటు పడ్డాక బెల్లం పెంచుకోవచ్చు.

కామారెడ్డి_బెల్లం
శనివారం, రాత్రి 8:45

బేకరీలో రోజూ ఒకే రకంగా రావాలి కాబట్టి మీ లెక్క మీకు సరైనదే, తమ్ముడూ. ఇంట్లో ఆ అవసరం లేదు. ముద్ద పలచగా అనిపిస్తే ఒక చెంచా మైదా కలుపుకుంటాం. నేను మొత్తం బెల్లమే వేస్తాను.

మంచిర్యాల_అత్తయ్య
ఆదివారం, ఉదయం 7:50

ఎవరూ వెన్న గురించి పూర్తిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. చాలామంది ఇంట్లో నెయ్యి ఉంది కదా అని అదే పోసేస్తారు. నెయ్యితో వచ్చేది నాన్‌ఖటాయ్. నోట్లో పెట్టగానే పొడిపొడిగా కరిగిపోతుంది. అది చాలా మంచి తినుబండారం, కానీ ఇక్కడ అడుగుతున్నది అది కాదు.

ఎందుకలా అంటే, వెన్నలో కొవ్వు 80 శాతం పైచిలుకు ఉంటుంది, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరు. ఆ నీరు మైదాను తడిపి జిగురు కట్టేలా చేస్తుంది. కుకీ సాగడానికి ఆ జిగురు కొంత కావాలి. నెయ్యిలో నీరు ఉండదు, పైగా అది పిండి రేణువులకు పట్టేసి జిగురు కట్టనివ్వదు. నెయ్యి తప్ప వేరే దారి లేదంటే 100 గ్రాముల వెన్న బదులు 80 గ్రాముల నెయ్యి, దాంతో ఒక పెద్ద చెంచాడు పాలు కలపండి. ఇంట్లో చిలికిన వెన్న అయితే దీనికి ఎదురు. దాంట్లో నీరు ఎక్కువగా ఉంటుంది, గుడ్డలో వేసి గట్టిగా పిండి వాడాలి.

పసుపు రంగు ఉప్పు వెన్న వాడుతున్నారు కాబట్టి విడిగా ఉప్పు వేయకండి. ఉప్పు లేని వెన్న దొరికితే అదే మేలు, ఉప్పు మన చేతిలో ఉంటుంది. వెన్నను సన్నటి మంట మీద అడుగున గోధుమ రంగు వచ్చి, కమ్మటి వాసన వేసేదాకా కాచి వేస్తారు కొందరు. చాక్లెట్ కుకీలో కోకో ముందు ఆ వాసన నిలవదు. నీరూ ఆవిరైపోతుంది. నా దృష్టిలో ఇక్కడ ఆ శ్రమ అనవసరం.

జగిత్యాల_చిన్నక్క
ఆదివారం, ఉదయం 9:30

శ్రావణ మాసంలో మా ఇంట్లో గుడ్డు ముట్టరు. గుడ్డు లేకుండా ఇదే పద్ధతి కుదురుతుందా?

మంచిర్యాల_అత్తయ్య
ఆదివారం, ఉదయం 10:15

కుదురుతుంది, తల్లీ. అవిసె గింజలు దోరగా వేయించకుండా పచ్చివే మెత్తగా పొడి చెయ్యి. ఒక పెద్ద చెంచా పొడికి మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచితే గుడ్డు తెల్లసొనలా జిగురుగా అవుతుంది. అది ఒక గుడ్డుకు సమానం. పచ్చసొన బదులు ఒక పెద్ద చెంచాడు చిక్కటి పాలు గానీ మీగడ గానీ వెయ్యి. అవిసె వాసన మామూలు కుకీలో తెలుస్తుంది, కోకో వేసినదాంట్లో తెలియదు. పెరుగు కూడా వేస్తారు, కానీ దాంతో కుకీ కేకులా వస్తుంది, సాగదు.

హంటర్_రోడ్
ఆదివారం, మధ్యాహ్నం 1:00

మీరందరూ చెప్పినవి జనవరిలో చేస్తే సరిపోతాయి. మే నెలలో వరంగల్‌లో చేసేవాళ్ల సంగతి నేను చెబుతాను.

బయట 40 డిగ్రీలు దాటినప్పుడు వంటగదిలో వెన్న దానంతట అదే కరిగిపోతుంది. ఆ ముద్దను నేరుగా ట్రే మీద పెడితే, ఓటీజీ వేడికి కుకీ గట్టిపడేలోపే కొవ్వు పారిపోయి అప్పడంలా పరుచుకుంటుంది. పలచబడితే తేమ త్వరగా పోతుంది. అప్పుడు మీరు ఎంత మంచి బ్రౌన్ షుగర్ వేసినా కరకరే. ముద్ద కలిపాక మూత పెట్టి ఫ్రిజ్‌లో కనీసం ఒక గంట, వేసవిలో అయితే రెండు గంటలు తప్పనిసరి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. మైదా, కోకో తడిని బాగా పీల్చుకుంటాయి, రుచి కూడా చిక్కబడుతుంది. ఉండలు చేశాక ఫ్రిజ్‌లో పెడితే ఇంకా సులువు, ఎందుకంటే ముద్దగా గడ్డకట్టాక చెంచా దిగదు.

ఓటీజీ వేడెక్కాకే ఉండలు బయటకు తీయండి. ముందే తీసి పెట్టుకుని, ఈలోగా కరెంటు పోయిందంటే పడ్డ శ్రమంతా వృథా.

ఇంకో మాట. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేసవిలో దుకాణం నుంచి ఇంటికి వచ్చేలోపు చాక్లెట్ కరిగి మళ్లీ గడ్డకట్టి, పైన తెల్లటి పొర వస్తుంది. అది బూజు కాదు, పారేయకండి. కొవ్వు పైకి తేలడం వల్ల వచ్చే రంగు అంతే. కుకీలో వేస్తే ఏ తేడా తెలియదు.

రామగుండం_హాస్టల్
ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఓటీజీ లేనివాళ్ల మాటేమిటి? నా దగ్గర 5 లీటర్ల కుక్కర్ మాత్రమే ఉంది.

కాజీపేట_జంక్షన్
ఆదివారం, మధ్యాహ్నం 3:05

కుక్కర్‌లో అవుతుంది తమ్ముడూ, కానీ జాగ్రత్తలు ముఖ్యం. మూతకున్న రబ్బరు, విజిల్ రెండూ తీసేయాలి. లోపల నీళ్లు పోయకూడదు. అడుగున రెండు వేళ్ల మందాన రాళ్ల ఉప్పు పరిచి, దాని మీద స్టాండు పెట్టి, మూత పెట్టి మధ్యస్థమైన మంట మీద పది నిమిషాలు వేడి చెయ్యి. అల్యూమినియం పళ్లెం మీద బటర్ పేపర్ వేసి, దూరం దూరంగా మూడు నాలుగు ఉండలు పెట్టి, మంట తగ్గించి 13 నుంచి 15 నిమిషాలు ఉంచు. పైనుంచి వేడి రాదు కాబట్టి పైభాగం ఓటీజీలోలాగా పగుళ్లిచ్చి అందంగా రాదు. అడుగు మాత్రం త్వరగా మాడుతుంది, అందుకే పళ్లెం కింద ఇంకో పళ్లెం బోర్లించు. సాగుదనానికి మాత్రం లోటుండదు. మూత మూసి ఉండటం వల్ల తేమ లోపలే ఉంటుంది.

సుబేదారి_కోకో
ఆదివారం, సాయంత్రం 6:40

ఇంతసేపూ చాక్లెట్ కుకీలో చాక్లెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు! నాకు అన్నింటికంటే ముఖ్యమైనది అదే.

దుకాణాల్లో డార్క్ కాంపౌండ్ అని పలకలు అమ్ముతారు. వెనక అట్ట మీద పదార్థాల జాబితా చదవండి. అందులో కోకో వెన్న బదులు వనస్పతి కొవ్వు లేదా పామ్ కొవ్వు అని ఉంటుంది. ధర తక్కువ, ఎండకు త్వరగా కరగదు, కేకు మీద అలంకరణకు బాగుంటుంది. కుకీలో వేస్తే నోటికి మైనంలా తగులుతుంది. కోకో వెన్న ఉన్న 50 నుంచి 60 శాతం డార్క్ చాక్లెట్ కొనండి. చిప్స్ కంటే పలక కొని కత్తితో తరగడం మంచిది. పెద్ద ముక్కలు కరిగి మడుగుల్లా నిలుస్తాయి, తరిగినప్పుడు రాలిన పొడి ముద్దంతా పాకుతుంది. బేకింగ్ చిప్స్ మాత్రం ఆకారం చెడకుండా ఉండేలా తయారవుతాయి, అందుకే అవి అంతగా కరగవు.

కోకో పొడిలో రెండు రకాలు. ఒకటి సహజమైనది, లేత రంగులో, పులుపు గుణంతో ఉంటుంది. రెండోది క్షారంతో శుద్ధి చేసినది, ముదురు రంగులో, చేదు తగ్గి ఉంటుంది. అట్ట మీద ఐఎన్ఎస్ (కలిపిన పదార్థాల సంకేత సంఖ్య) 500 లేదా 501 అని కనిపిస్తే అది రెండో రకం. ఇక్కడ బెల్లం గానీ బ్రౌన్ షుగర్ గానీ ఉంది కాబట్టి వాటి పులుపుతో వంట సోడా పనిచేస్తుంది, ఏ కోకో అయినా ఫరవాలేదు. అక్కా, మీరు బేకింగ్ పౌడర్ మానేసి అర చిన్న చెంచా వంట సోడాకు మారండి. పౌడర్ కుకీని పైకి పొంగిస్తుంది, సోడా పక్కలకు పరుస్తుంది. అంతకు మించి వేస్తే సబ్బు రుచి వస్తుంది.

కోకో కూడా పిండిలాగే తడిని పీల్చుకుంటుందని గుర్తుంచుకోండి. దాన్ని పెంచితే మైదా తగ్గించాలి. పావు చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేస్తే కాఫీ రుచి రాదు, చాక్లెట్ రుచి లోతుగా తెలుస్తుంది.

ఎనుమాముల_మిర్చి
ఆదివారం, రాత్రి 8:00

కాఫీ మాట వచ్చింది కాబట్టి నాదొక మాట. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. అది టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ. దాని పొడి చిటికెడు, ఉప్పు పలుకులు రెండు కుకీ మీద చల్లి చూడండి. చాక్లెట్ తిన్నాక గొంతులో సన్నటి వెచ్చదనం వస్తుంది. మామూలు కారం పొడి వేయకండి, ఘాటు చాక్లెట్‌ను మింగేస్తుంది.

జగిత్యాల_చిన్నక్క
ఆదివారం, రాత్రి 8:20

పిల్లలకు వద్దు గానీ మాకు చేసుకుంటాను. మంచి మాట చెప్పారు అన్నా.

నక్కలగుట్ట_వంటిల్లు
మంగళవారం, సాయంత్రం 5:10

అందరి మాటలూ కలిపి చేశాను. ఈసారి కుకీని రెండు చేతులతో వంచితే విరగలేదు, సాగి చీలింది! పైన పగుళ్లు, లోపల తడి తడిగా చాక్లెట్. మరొకరికి పనికొస్తుందని కొలతలు రాస్తున్నాను.

ఉప్పు లేని వెన్న 115 గ్రాములు కరిగించి, వేడి ఉండగానే బెల్లం తురుము 120, పంచదార 80 వేసి కలిపాను. చల్లారాక ఒక గుడ్డు, ఒక పచ్చసొన, ఒక చెంచా వెనిలా. విడిగా మైదా 130, కోకో 40, వంట సోడా అర చిన్న చెంచా, చిటికెడు ఉప్పు, పావు చెంచా కాఫీ పొడి జల్లించి, తడి మిశ్రమంలో పొడి కనిపించనంతవరకే కలిపాను. ఎక్కువ కలపలేదు. తరిగిన డార్క్ చాక్లెట్ 150. ఒక్కోటి 40 గ్రాముల ఉండ, పదహారు పదిహేడు వచ్చాయి. రెండు గంటలు ఫ్రిజ్‌లో, తర్వాత 175 దగ్గర 11 నిమిషాలు, మధ్య అరలో, పైకడ్డీ కిందికడ్డీ రెండూ వేసి.

ఒక్క సందేహం మిగిలింది. రెండో ట్రే మొదటిదానికంటే పలచగా పరుచుకుంది. ముద్ద అదే కదా?

కరీంనగర్_బట్టీ
మంగళవారం, సాయంత్రం 6:00

మొదటి వాయి తీసిన వేడి ట్రే మీదే రెండో వాయి పెట్టి ఉంటారు. ఓటీజీలోకి వెళ్లకముందే అడుగున వెన్న కరగడం మొదలవుతుంది. ట్రేను కుళాయి కింద చల్లార్చి, తుడిచి, అప్పుడు ఉండలు పెట్టండి. రెండు ట్రేలుంటే మార్చి మార్చి వాడుకోవచ్చు.

ఓటీజీ లోపల వేలాడదీసే చిన్న థర్మామీటరు కూడా ఒకటి తీసుకోండి. బిళ్ల మీద 175 అని తిప్పినా లోపల 190 ఉండటం ఇళ్లలో వాడే ఓటీజీల్లో చాలా మామూలు.

మంచిర్యాల_అత్తయ్య
మంగళవారం, సాయంత్రం 6:35

అన్నీ ఒకేరోజు కాల్చక్కర్లేదు. ఉండలను పళ్లెంలో విడివిడిగా డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, తర్వాత సంచిలో వేసి ఉంచితే రెండు నెలలు బాగుంటాయి. కావలసినప్పుడు కరగనివ్వకుండానే ట్రే మీద పెట్టి రెండు నిమిషాలు ఎక్కువ కాల్చండి. కాల్చినవి డబ్బాలో పెట్టేటప్పుడు ఒక బ్రెడ్డు ముక్క తోడు వేయండి. బ్రెడ్డు గట్టిపడుతుంది, కుకీలు మెత్తగా ఉంటాయి.